ఓటమిని ఎవరి పద్దులో రాయాలి?

ఆన్‌లైన్ జట్టు ఆటలో ఓడిన పిల్లవాడికి రెండు సలహాలు ఎదురవుతాయి. ‘పాజిటివ్‌గా ఉండు, ఓటమి నుంచి నేర్చుకో’ అనేది ఒకటి. యూట్యూబ్‌లో ఆట లైవ్ పెట్టే కుర్రాళ్ల నుంచి వ్యక్తిత్వ వికాస వక్తల దాకా అందరిదీ ఇదే మాట. ‘ముందు ఆ ఫోను అవతల పెట్టు’ అనేది రెండోది. ఇది ఇంట్లో అమ్మానాన్నలది, బడిలో అయ్యవార్లది. ఏళ్ల తరబడి సాగుతున్న ఈ వాదన ముదిరిందే గాని తెగలేదు. ఓటమి అన్న ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు సంగతులను కలిపేసి మాట్లాడుకోవడమే అందుకు కారణం. తన తప్పుతో ఓడటం, జట్టు పొత్తు కుదరక ఓడటం, సిగ్నల్ పోయి ఓడటం, జేబులో డబ్బు ఓడటం ఒకటి కావు. వీటిని విడదీసి చూస్తే ఎవరి వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

చిత్తూరు పడమటి మండలాలుగా పేరున్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష. ఈ ఊళ్ల కుర్రాళ్లు ఆడే జట్టుకు కోచ్ ఉండడు, విశ్లేషకుడు ఉండడు. ఉండేది నలుగురు స్నేహితులు, నాలుగు ఫోన్లు. పెద్ద జట్ల కోసం రాసిన సలహాలు వీళ్లకు ఎంతవరకు పనికొస్తాయన్నది అసలు ప్రశ్న.

ఫోను చేతికొచ్చిన దారి

2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం పెట్టింది. పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు తెరిచి జనానికి ప్రభుత్వ సేవలు, సమాచారం అందించాలన్నది ఉద్దేశం. ఆటల ఊసు అందులో లేదు. ఇంటర్నెట్ నిజంగా ఇంటింటికీ చేరింది 2016 సెప్టెంబరులో జియో వచ్చాకే. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జులైలో బీజీఎంఐ అనే భారత వెర్షన్‌గా తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ మొదలైంది. 2022 ఫిబ్రవరిలో అలాంటి మరో ఆట ఫ్రీ ఫైర్ నిషేధంలో పోయినా ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. ఇన్ని నిషేధాల మధ్య స్క్వాడ్‌లు, అంటే నలుగురి జట్లు, విడిపోలేదు, ఒక ఆట ఆగితే ఇంకో ఆటకు మారాయి.

2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడా పోటీల్లో భాగంగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలిచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను ఒక గాటన, డబ్బు పెట్టి ఆడే ఆటలను ఇంకో గాటన కట్టి, రెండో రకాన్ని పూర్తిగా నిషేధించింది. ఈ విభజన ఎందుకు ముఖ్యమో తర్వాత చూద్దాం.

ఓడటమే లెక్క

పాజిటివ్ మాటలకు ముందు కొంచెం గణితం కావాలి. బీజీఎంఐలో ఒక మ్యాచ్‌కు వందమంది దిగుతారు, నలుగురేసి అంటే 25 స్క్వాడ్‌లు. చికెన్ డిన్నర్, అంటే గెలుపు, ఒక్క స్క్వాడ్‌కే. అందరి సత్తా సమానమైతే ప్రతి స్క్వాడూ 25 మ్యాచ్‌లలో 24 ఓడాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆట కట్టుబడే అంత.

నలుగురు నలుగురితో, ఐదుగురు ఐదుగురితో తలపడే ఆటల్లో లెక్క వేరు. అక్కడ సమఉజ్జీలను జత చేసే పద్ధతి ప్రతివాడినీ సగం గెలుపు, సగం ఓటమి వైపు నెడుతుంది. నాణెం ఎగరేసినట్టు సగం సగం అవకాశంతో పది మ్యాచ్‌లు ఆడితే, ఎక్కడో ఒకచోట వరసగా మూడు ఓడే అవకాశం 51 శాతం దాకా ఉంటుంది. అంటే ఆదివారం కూర్చుని పది మ్యాచ్‌లు ఆడినవాడికి ‘ఈరోజు నా టైమ్ బాగాలేదు’ అనిపించే ఘట్టం రావడం వింత కాదు, రాకపోవడమే కొంచెం అరుదు. చాలామంది దురదృష్టం అనుకునేది మామూలు అంకగణితం.

పోటీ నిర్వాహకులకు ఈ సంగతి ముందే తెలుసు. అందుకే బీజీఎంఐ టోర్నమెంట్లలో మొదటి స్థానానికి 10, రెండో స్థానానికి 6, ఆపైన 5, 4, 3 ఇలా పాయింట్లు, ప్రతి కిల్‌కూ 1 ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా పట్టికలో పైకెక్కడం ఇందులో సాధ్యమే. ర్యాంక్ పుష్ చేసే, అంటే ర్యాంకు పెంచుకోవడానికి ఆడే కుర్రాడు మాత్రం గెలిచామా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే ఫోను పక్కన పెడతాడు. నిరాశలో సగం ఇక్కడే పుడుతుంది.

మనసు దిద్దుకుంటే చాలన్న వాదం

పాజిటివ్ వర్గానికి మూలగ్రంథం లాంటిది మనస్తత్వవేత్త కేరల్ డ్వెక్ 2006లో రాసిన ‘మైండ్‌సెట్’. తెలివి, నైపుణ్యం పుట్టుకతో గీసిన గీత కాదని, పెంచుకోవచ్చని నమ్మేవాళ్లు ఓటమిని తట్టుకుంటారన్నది సారం. తర్వాత పరీక్షల్లో దీని బలం కొంత తగ్గింది. 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవారు ఫలితం బలహీనంగా ఉందన్నారు. 2019లో అమెరికాలో 12 వేలమందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలతో జరిగిన అధ్యయనం, వెనకబడినవాళ్లకు చిన్నపాటి మేలు ఉందని తేల్చింది. ఉంది, కొంచెమే ఉంది. దాన్ని మంత్రంగా అమ్మేవాళ్లు ఈ ‘కొంచెమే’ను మింగేస్తారు.

ఓడితే కసి పెరుగుతుందన్న నమ్మకానిదీ ఇదే గతి. 2011లో జోనా బర్గర్, డెవిన్ పోప్ 18 వేలకు పైగా బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు పరిశీలించి, సగం ఆటకు ఒక్క పాయింటు వెనకబడ్డ జట్టు అనుకున్నదానికంటే ఎక్కువసార్లు గెలుస్తోందన్నారు. వార్తాపత్రికలకు పండగే అయింది. ఆపైన మరిన్ని ఆటల్లో, మరిన్ని మ్యాచ్‌లతో వెతికిన పరిశోధకులకు ఆ కసి కనబడలేదు.

ఈ వర్గానికి పెద్ద దెబ్బ 2019లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు లారెన్ ఎస్క్రీస్-వింక్లర్, అయెలెట్ ఫిష్‌బాక్‌ల నుంచి తగిలింది. రెండే జవాబులున్న ప్రశ్నలిచ్చి, కొందరికి ‘నువ్వు చెప్పింది ఒప్పు’ అని, కొందరికి ‘తప్పు’ అని చెప్పారు. రెండిట్లో ఒకటి తప్పయితే రెండోది ఒప్పే కదా, కాబట్టి ఇద్దరికీ అందిన సమాచారం సమానమే. అయినా తప్పన్న మాట విన్నవాళ్లు తక్కువ నేర్చుకున్నారు. అహం దెబ్బతిన్న చోట చెవి మూసుకుపోతుందన్నది వాళ్ల వివరణ. అదే పొరపాటు వేరేవాళ్లు చేస్తే చూసినవాళ్లు మాత్రం బాగానే నేర్చుకున్నారు. ‘ఓటమే గురువు’ అని గోడమీద రాసుకునేవాళ్లు ఈ ప్రయోగం చదవాలి. ఓటమి దానంతట అది ఏమీ నేర్పదు. నేర్పేలా ఏర్పాటు చేసుకోవాలి.

తీరిగ్గా తిరగేసి చూడాలన్న వాదం

ఆ ఏర్పాటు గురించి మాట్లాడేది రెండో వర్గం. అమెరికా సైన్యం 1970లలో మొదలుపెట్టిన పద్ధతి దీనికి ఆదర్శం. ఏం చేయాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఈసారి ఏం చేద్దాం అన్న నాలుగు ప్రశ్నలతో, హోదాలు పక్కనపెట్టి అందరూ కూర్చుని మాట్లాడతారు. ఈ-స్పోర్ట్స్ జట్లు మ్యాచ్ రికార్డింగ్ వేసుకుని చేసేది ఇదే.

జట్టుగా ఆన్‌లైన్‌లో ఓడి, గంటలో సర్దుకోవడానికి ఒక ఉదాహరణ తెలుగువాళ్లకు దగ్గర్లోనే ఉంది. అది తుపాకుల ఆట కాదు, చదరంగం. 2020 జులై, ఆగస్టుల్లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే మొదటిసారి ఆన్‌లైన్ ఒలింపియాడ్ జరిపింది. కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక భారత బృందంలో ఉన్నారు. సెమీఫైనల్‌లో పోలండ్ చేతిలో తొలి రౌండు 2-4తో పోయింది. రెండో రౌండును భారత్ 4.5-1.5తో గెలిచింది. నిర్ణాయక ఆటలో హంపి గెలిచింది. ఫైనల్‌లో రష్యాతో తొలి రౌండు సమం. రెండో రౌండులో ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్ దెబ్బతిని నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ కనెక్షన్ కోల్పోయి, గడియారం అయిపోయి ఓడారు. భారత్ అప్పీలు చేసింది. ఫిడే భారత్, రష్యా రెండిటినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించింది. అంతకుముందు క్వార్టర్‌ఫైనల్‌లో ఇదే తరహాలో కనెక్షన్ పోయిందని ఆర్మేనియా మనమీద చేసిన అప్పీలు మాత్రం నెగ్గలేదు, ఆ జట్టు పోటీ నుంచి తప్పుకుంది. ఒకే పోటీలో ఒకే రకం ఓటమికి రెండు తీర్పులు! సిగ్నల్ ఓటమిని ఎవరి పద్దులో రాయాలో ప్రపంచ సంస్థకే తేలనప్పుడు, పుంగనూరు కుర్రాడు ‘పింగ్ (సిగ్నల్ జాప్యం) పెరిగిందిరా, నా తప్పు కాదు’ అంటే నవ్వడానికి లేదు. నిజంగా పింగేనా, పింగు సాకా అన్నది రికార్డింగ్ చూస్తే గాని తేలదు.

2022లో మామల్లపురం ఒలింపియాడ్‌ది ఇంకో రకం పాఠం. హంపి, హారిక ఉన్న మహిళల జట్టు చివరి రౌండుకు అగ్రస్థానంలో అడుగుపెట్టి, అమెరికా చేతిలో 1-3తో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. ఒలింపియాడ్ మహిళల విభాగంలో భారత్‌కు అదే తొలి పతకం. పోయిన స్వర్ణమా, వచ్చిన తొలి పతకమా? ఎటు చూస్తే అటే నిజం. రెండేళ్లకు బుడాపెస్ట్‌లో మహిళల జట్టుకు స్వర్ణం వచ్చింది, కానీ జట్టులో మార్పులున్నాయి, హంపి లేదు. కాబట్టి ‘ఓటమి నుంచి నేర్చుకుని గెలిచారు’ అని ఒక్క వాక్యంలో ముడి వేయడం తొందరపాటు.

ఈ-స్పోర్ట్స్ కథలు కూడా ఇలాగే రెండువైపులా లాగుతాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో కొరియా జట్టు టీ1 2022 ప్రపంచ ఫైనల్‌లో 2-3తో ఓడింది. అదే ఐదుగురిని కొనసాగించి 2023, 2024లో వరసగా గెలిచింది. డోటా 2లో ఓజీ జట్టు కథ తిరగబడుతుంది. 2018లో ఇద్దరు కీలక ఆటగాళ్లు వదిలిపోయారు, కోచ్‌నే ఆటలోకి దింపారు, బయటి నుంచి కొత్త కుర్రాడిని తెచ్చుకున్నారు, మూడు నెలల్లో ప్రపంచ టైటిల్ కొట్టారు. జట్టును మార్చకూడదనేవాడికీ మార్చాలనేవాడికీ ఉదాహరణలు సిద్ధమే. గెలిచినవాళ్ల కథలతో ఏ వాదాన్నైనా నిలబెట్టొచ్చు.

తిరగేసి చూసే పద్ధతికి ఒక హద్దు ఉంది. చదరంగంలో ఏ ఎత్తు తప్పో కంప్యూటర్ చెప్పేస్తుంది. బీజీఎంఐ లాంటి బ్యాటిల్ రాయల్ ఆటల్లో ఎదుటివాడు ఎక్కడ నక్కాడో కనబడదు, సురక్షిత జోన్ ఎటు కుంచించుకుపోతుందో తెలియదు. మంచి నిర్ణయం తీసుకున్నా చావొచ్చు, పిచ్చి రష్ చేసినా బతికిపోవచ్చు. కాబట్టి ఫలితం చూసి నిర్ణయాన్ని తూచకూడదు. ఆ క్షణాన తెలిసిన సమాచారంతో ఆ నిర్ణయం సబబా అని అడగాలి. అడగడం నేర్చుకోవాలంటే ముందు వేరే స్క్వాడ్ ఓడిన మ్యాచ్ చూడటం తేలిక. షికాగో ప్రయోగం చెప్పిందీ అదే. ఇందుకు ఖర్చేమీ లేదు, ఫోనులో స్క్రీన్ రికార్డర్ చాలు.

నలుగురిలో నింద

ఒంటరి ఆటకూ జట్టు ఆటకూ అసలు తేడా ఇక్కడుంది. ‘నువ్వు రివైవ్ చేసుంటే (పడ్డవాడిని లేపుంటే) పోయేది కాదు కదరా’ అన్న మాటతో సగం స్క్వాడ్‌లు చీలిపోతాయి.

పడమటి పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది, పగలు హరికథ, రాత్రి నాటకం. అందులోని జూదం కథను ఈ కోణంలో చూడొచ్చు. ఐదుగురి జట్టును నాయకుడొక్కడు ఓడగొట్టాడు. భీముడు కోపంతో అన్న చేతులు కాల్చేస్తానన్నాడు. మనలో మనం చీలితే పగవాడికి పండగని అర్జునుడు ఆపాడు. ఆ తర్వాత అడవిలో బృహదశ్వుడు ధర్మరాజుకు నలుడి కథ చెప్పి, పాచికల విద్య అక్షహృదయం నేర్పాడు. ఓడిన ఆటను శాస్త్రంగా నేర్చుకున్నాకే ధర్మరాజు విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలు పట్టాడు. భీముడి కోపం తప్పని కథ చెప్పదు. కోపానికి అది వేళ కాదని మాత్రమే చెబుతుంది. నేటి కోచ్‌లు చెప్పేదీ అదే: నింద లేకుండా ఉండటం కాదు, మ్యాచ్ మధ్యలో నింద లేకుండా ఉండటం.

దీనికి కొంత రుజువుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ నడిపే రయట్ గేమ్స్ తమ ఆటలో తిట్లను పరిశీలించింది. ఎప్పుడూ బూతులాడేవాళ్లు నూటికి ఒక్కరే, మొత్తం తిట్లలో వాళ్ల వాటా సుమారు 5 శాతమే. మిగతాదంతా ఆరోజు మనసు బాగాలేని మామూలు ఆటగాళ్లది. తప్పు చేసిన తోటివాడిని వేధిస్తే వాడు ఇంకా చెడ్డగా ఆడతాడన్న సూచనను ఎర్ర అక్షరాల్లో చూపించినప్పుడు తిట్లు తగ్గాయి. ‘చెడ్డ పిల్లలు ఆటలను పాడుచేస్తున్నారు’ అన్న ఫిర్యాదు దీంతో చాలావరకు నిలవదు. మంచి పిల్లలే చెడు సాయంత్రాల్లో పాడుచేస్తున్నారు.

అమ్మాయిల సంగతి వేరే. గొంతు విని ఎగతాళి చేస్తారన్న భయంతో చాలామంది మైక్ కట్టేసి ఆడతారు. శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చెప్పలేని నాలుగో మనిషితో స్క్వాడ్ ఓడుతుంది, నింద ఆమెకే తగులుతుంది. ఇక్కడ పాజిటివ్‌గా ఉండమని ఎవరికి చెప్పాలి?

ఆటే అలా కట్టారన్న వాదం, పోటీయే వద్దన్న వాదం

మూడో వర్గం వేలెత్తేది కంపెనీల వైపు. ర్యాంకు మైనస్ అయిన వెంటనే ‘ఇంకొక్కటి’ అనిపించేలా బటన్ పెట్టేది వాళ్లే, సీజన్ మారగానే ర్యాంకు కిందకు దించేదీ వాళ్లే. మైనర్లకు రోజుకు 3 గంటల హద్దు బీజీఎంఐలో ఉంది, కానీ అమ్మ పేరుతో తెరిచిన ఖాతాకు ఆ హద్దు వర్తించదు. ఈ వర్గం చెప్పేది చాలావరకు నిజమే. అయితే అన్నీ కంపెనీ మీదికి తోస్తే ఆటగాడికి చేయడానికేమీ మిగలదు.

నాలుగో వర్గానికి పుట్టిల్లే మదనపల్లె. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, పోల్చుకోవడం నుంచే భయం పుడుతుందని, పోటీ నేర్చుకోవడాన్ని చంపేస్తుందని జీవితమంతా చెప్పాడు. ఆ ఊరికి దగ్గర్లోని రిషీవ్యాలీ పాఠశాల ఆయన ఆలోచనతో పుట్టిందే. ఆ దృష్టితో చూస్తే ‘ఓటమిని ఎలా తీసుకోవాలి’ అన్న ప్రశ్నే తప్పు. ఇంకొకడితో కొలుచుకోవడం ఎందుకన్నది ముందు అడగాలి. బలమైన వాదనే. కానీ పక్కనే పది, ఇంటర్, ఈఏపీసెట్ ర్యాంకుల్లో తలమునకలైన సమాజం ఆట ర్యాంకు ఒక్కదాన్నే తప్పుపడితే పిల్లలు నమ్మరు.

వైద్యులది ఇంకొంచెం ఇరుకైన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలైన వర్గీకరణలో గేమింగ్ రుగ్మతను చేర్చింది. ఆటమీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం తెలిసినా ఆపలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు సాగడం దాని లక్షణాలు. ఆడేవాళ్లలో కొద్దిమందికే ఇది వస్తుందని ఆ సంస్థే చెప్పింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటివారికి చికిత్స చేసే షట్ క్లినిక్ నడుస్తోంది, కుప్పం నుంచి రైలెక్కితే చేరుకునే దూరమే. ఓడి గంటసేపు ముఖం మాడ్చుకున్న పిల్లవాడికి అక్కడ పని లేదు. ఓడినా గెలిచినా రాత్రంతా వదలలేనివాడికి పాజిటివ్ మాటలతో పని లేదు.

డబ్బు ఓడటం

ఇక్కడ మాత్రం బేరీజు అక్కర్లేదు. రమ్మీలో, బెట్టింగులో పోయిన వెయ్యి రూపాయలను పాఠంగా భావించి ఇంకో వెయ్యి పెట్టడం నేర్చుకోవడం కాదు, ధర్మరాజు రెండోసారి జూదానికి కూర్చోవడం. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న పాత వాదనను పక్కకు నెట్టి, డబ్బు పణం పెట్టే ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది, ఆడేవాళ్లను కాక ఆడించేవాళ్లను శిక్షిస్తానంది. ‘పట్టుదల వదలకు’ అన్న సలహా ర్యాంకు ఆటలో సగం పనికొస్తుంది, పణం ఆటలో అదే ఉరితాడు. రెండిటికీ ఒకే ప్రసంగం చెప్పే వక్తలు ఈ తేడా గమనించాలి.

ఇంకా తేలనివి

నాలుగు వర్గాలనూ పక్కపక్కన పెడితే కొంత స్పష్టత వస్తుంది. మనసు దిద్దుకోవడం వరస ఓటముల వేళ ఆట ఆపడానికి పనికొస్తుంది, ఆట మెరుగుపడటానికి అంతగా కాదు. మెరుగుపడటానికి రికార్డింగ్ కావాలి. కంపెనీ కట్టుబడిని తప్పుపట్టేవాళ్ల వాదన చట్టాలు చేసేవాళ్లకు ఎక్కువ అక్కరకొస్తుంది. పోటీయే వద్దనేవాళ్లది తల్లిదండ్రులు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్న.

తేలనివి మాత్రం గట్టివే. స్క్వాడ్‌లో నేర్చుకున్న ఓపిక, సమన్వయం చదువుకో ఉద్యోగానికో బదిలీ అవుతాయా అన్నది ఇంకా వివాదమే. ఎన్ని ఓటముల తర్వాత ఆపాలన్న దానికి కొందరు రెండంటారు, కొందరు మూడంటారు, ఏదీ రుజువైన సంఖ్య కాదు. నిందను ఆపడం కంపెనీ పనా, జట్టు పనా, బడి పనా అన్నదాని మీద ఒప్పందం లేదు.

అంగళ్లులో, కుప్పంలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. కాలేజీ ఫెస్టుల్లో ఈ ఆటల పోటీలు పెట్టడం ఇప్పుడు మామూలే. నిర్వాహకులకు ఒక విన్నపం: గెలిచిన జట్టుకు కప్పుతో పాటు, మొదటి రౌండులోనే ఇంటికెళ్లిన జట్లకు వాళ్ల మ్యాచ్ రికార్డింగ్ కూడా ఇవ్వండి. దాన్ని నలుగురూ కలిసి, మర్నాడు, మైక్‌లు కట్టేసి చూడమని చెప్పండి.